మద్యవిరతి - మారవలసిన జీవిత దృక్పథం

త్రాగుడు మానినవాడు బాగుపడినట్లేనని లోకం భావిస్తుంది. ఇంటివారైతే ఈ సంగతిని మరింత గట్టిగా నమ్ముతారు. ఏళ్ళ తరబడి ఎదురుచూచిన దినం వచ్చినది గనుక ఇక కష్టాలు గట్టెక్కినవని, ఇల్లు మరల ఇల్లుగా ఉంటుందని ఆశిస్తారు. కాని అనేక గృహాలలో కనవచ్చే దృశ్యం ఇందుకు భిన్నమైనది. మనిషి త్రాగడం లేదు, నిజమే. అయినా వడ్డన కాస్త ఆలస్యమైతే కంచం తోసివేసే చేయి అదే. పిల్లవాడు ఎదురు ప్రశ్న వేస్తే ఎర్రబడే కన్నూ అదే. “మీ కోసం నేనింత త్యాగం చేశాను, మీరేం చేశారు?” అని నిలదీసే గొంతు మాత్రం క్రొత్తది. త్రాగిన రోజులలోనే నయం, ఒక మూల పడి ఉండేవాడని ఇల్లాలు లోలోపల అనుకొనే సందర్భాలు కూడా లేకపోలేదు. ఈ మాట వినడానికి కటువుగా ఉన్నప్పటికీ, మద్యవిరతిని గూర్చి ఆలోచించేవారు తప్పక ఎదుర్కొనవలసిన సత్యం ఇందులో ఉన్నది. మద్యం మానడం ఒక్క దినంలో ఆరంభం కావచ్చును. ఆ మద్యాన్ని అవసరం చేసిన చూపు మారడానికి మాత్రం ఏళ్ళు పడుతుంది. ఈ వ్యాసం ఆ చూపును గూర్చినది.

ఇది పెద్దల సమస్య, విద్యార్థుల కేమి పని అని కొందరు అనవచ్చును. మన తరగతులలో కూర్చున్నవారిలో త్రాగుడు మానిన తండ్రి గల బిడ్డలు, మానలేక సతమతమయ్యే అన్న గల తమ్ముళ్ళు ఉంటారన్నది ఎవరూ పైకి చెప్పని సంగతి. హాస్టలు గదులలో “ఒక్కసారి కేమి?” అని మొదలుపెట్టేవారు కూడా ఉంటారు.

ముందుగా శరీరం మాట. మద్యం మెదడులోని ఉద్రేకాన్ని అణచే వ్యవస్థకు బలం చేకూర్చి, ఉద్రేకపరచే వ్యవస్థను మందగింపజేస్తుంది. దీర్ఘకాలం త్రాగినవాని మెదడు ఈ అణచివేతకు ఎదురు తన్నడానికి అలవాటు పడుతుంది. ఉన్నట్లుండి మద్యం ఆగిపోతే అణచే శక్తి తొలగిపోయి, ఎదురు తన్నే శక్తి మాత్రం మిగులుతుంది. మొదటి దినంలోనే చేతుల వణకు, చెమటలు, గుండెదడ కనబడతాయి. కొందరికి తొలి రెండు దినాలలో మూర్ఛలు వస్తాయి. రెండవ దినం మొదలుకొని నాల్గవ దినం లోపల లేనివి కనబడడం, వినబడడం, మతి తప్పడం సంభవించవచ్చును. ఈ చివరి స్థితి ప్రాణాంతకం కాగలదు. కనుక అమితంగా త్రాగేవాడు పంతం పట్టి, తలుపు వేసుకొని ఒక్కసారిగా మానబూనడం సాహసమే గాని వివేకం కాదు. వైద్యుని పర్యవేక్షణలో మానవలెను. వారం పది దినాలలో ఈ తుఫాను వెలిసిన పిమ్మట కూడా నిద్రలేమి, చిరాకు, దేనిమీదా ఇచ్ఛ లేకపోవడం నెలల తరబడి సాగవచ్చును. ఇంటివారు “గుణం మారలేదు” అని నిందించేదానిలో కొంత భాగం నిజానికి గుణం కాదు, కోలుకొంటున్న నరాల అలసట. ఈ తేడా ఎరిగిన కుటుంబం కొంత ఓర్పు వహించగలదు. అయితే శరీరం కుదుటపడిన తర్వాత కూడా మిగిలే కోపం, దిగులు, అసూయ ఉన్నవే, వాటికి మందు సీసాలలో గాని మాత్రలలో గాని సులభంగా దొరకదు.

చట్టం వీటిని మార్చగలదా? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అనుభవం ఇక్కడ గుర్తుకు వస్తుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట గ్రామంలో, అక్షరాస్యతా ఉద్యమంలో చదువు నేర్చుకొంటున్న స్త్రీలు సారాకు ఎదురు తిరిగినారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతటా వ్యాపించగా 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధం, 1995 జనవరి 16 నుండి సంపూర్ణ మద్యనిషేధం అమలులోకి వచ్చినవి. 1997లో సంపూర్ణ నిషేధం సడలిపోయినది. నిషేధం వృథా అని వాదించేవారితో నేను ఏకీభవించను. కూలి డబ్బు ఇంటికి చేరిన ప్రతి సాయంత్రం ఒక మేలే. కాని ఆ చరిత్రలో గమనింపదగిన విశేషం మరొకటున్నది. దూబగుంటలో ముందుగా మారినది చట్టం కాదు, స్త్రీల చూపు. తమ కష్టాన్ని తలవ్రాతగా భావించినవారు, ఒక పాఠం చదివి చర్చించుకొన్న పిమ్మట దానిని అన్యాయంగా చూడసాగినారు. ఆ చూపు మారినచోట చట్టం నిలిచినది. మారనిచోట దొంగచాటు వ్యాపారం సాగినది.

ఇస్లాం చరిత్రలో మద్యనిషేధం వచ్చిన క్రమం కూడా ఇదే సంగతి తెలుపుతుంది. అది ఒకే ఆజ్ఞతో రాలేదు. బఖరా సూరాలోని 219వ వాక్యం మద్యంలో కొంత ప్రయోజనం ఉన్నప్పటికీ పాపం అంతకంటె పెద్దదని ఆలోచనకు వదిలినది. నిసా సూరాలోని 43వ వాక్యం మత్తులో నమాజును సమీపించవద్దన్నది. దినానికి అయిదుమారులు నమాజు చేసేవానికి అప్పటికే త్రాగడానికి మిగిలే సమయం స్వల్పమైపోయినదని వేరుగా చెప్పనక్కరలేదు. చిట్టచివరకు మాయిదా సూరాలోని 90, 91 వాక్యాలు పూర్తిగా నిషేధించినవి. మొట్టమొదటే మద్యం త్రాగవద్దన్న ఆజ్ఞ వచ్చి ఉంటే జనులు ససేమిరా అని ఉండేవారని, అందుచేత ముందుగా స్వర్గ నరకాలను గూర్చిన వాక్యాలు అవతరించినవని హజ్రత్ ఆయిషా వివరించినట్లు బుఖారీ గ్రంథంలో ఉన్నది. నిషేధ ప్రకటన వెలువడినప్పుడు అబూ తల్హా ఇంట అతిథులకు మద్యం పోస్తున్న హజ్రత్ అనస్, దానిని పారబోయుమన్న మాట విని అలాగే చేసిన వృత్తాంతం, మదీనా వీధులలో మద్యం ప్రవహించిన సంగతి హదీసు పాఠకులకు తెలిసినవే. ఆ పారబోతకు వెనుక ఎన్నో ఏండ్ల మనఃపరివర్తన ఉన్నది.

అయితే ఇప్పటికే వ్యసనంలో కూరుకుపోయినవానికి ఈ క్రమం తలక్రిందులవుతుంది. మనస్సు మారేవరకు ఆగి, ఆ తర్వాత మానుదామంటే అతని మనస్సు మద్యంలోనే నానుతున్నది. ముందుగా మానవలెను, మానిన స్థితిలో ఉంటూనే చూపును మార్చుకొనవలెను. ఇరువది శతాబ్దంలో ఈ మార్గాన్ని ప్రయోగాత్మకంగా కనుగొన్నవారు అమెరికాలోని ఇద్దరు త్రాగుబోతులు.

వారిలో ఒకడు న్యూయార్కు షేర్ల వ్యాపారి బిల్ విల్సన్. అతని కథకు మూలం స్విట్జర్లాండులో ఉన్నది. సుప్రసిద్ధ మనస్తత్వవేత్త కార్ల్ యుంగ్ తన వద్దకు వచ్చిన ఒక అమెరికన్ రోగికి వైద్యం చేసి విఫలుడై, ఇక వైద్యం వల్ల ప్రయోజనం లేదని, భావాలు, ఉద్వేగాలు, వైఖరులు మొదలంట మారిపోయే ఆధ్యాత్మికానుభవం ఒక్కటే దిక్కని చెప్పినాడు. ఒక వైద్యుడు తన అశక్తతను ఇంత సూటిగా ఒప్పుకొనడం అరుదు. ఆ మాట రోగి నుండి ఒక మిత్రునికి, ఆ మిత్రుని నుండి విల్సన్‌కు చేరినది. 1934 డిసెంబరులో ఆసుపత్రిలో ఉండగా విల్సన్‌కు ఒక అద్భుతానుభవం కలిగినది. మరల అతడు త్రాగలేదు. 1935 మే నెలలో వ్యాపార నిమిత్తం ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్ నగరానికి వెళ్ళి, ఆ వ్యాపారం చెడిపోగా హోటలులో ఒంటరిగా నిలబడినాడు. ఒకవైపు మద్యశాల సందడి వినబడుతున్నది. మరొక త్రాగుబోతుతో మాట్లాడితే తప్ప తాను నిలువలేనని తోచి, టెలిఫోనులో చర్చిల వారిని విచారించినాడు. అలా పరిచయమైన రెండవవాడు శస్త్రవైద్యుడు బాబ్ స్మిత్. పావుగంట మాత్రమే కూర్చుంటానని వచ్చిన డాక్టరు గంటల తరబడి కూర్చున్నాడు. తనకు నీతి బోధించని మనిషిని, తన వ్యాధిని తనవలె ఎరిగిన మనిషిని అతడు చూడడం అదే ప్రథమం. డాక్టరు చివరిసారి త్రాగిన దినంగా 1935 జూన్ 10ని చెప్పుకొంటారు. ‘ఆల్కహాలిక్స్ అనానిమస్’ సంఘానికి అదే జన్మదినం. మన దేశంలో ఈ సంఘం 1957లో ఆరంభమైనది.

ఈ ఇద్దరినీ ప్రక్కప్రక్కన నిలిపి చూడడం మిక్కిలి ప్రయోజనకరం. విల్సన్‌కు త్రాగవలెనన్న కోరిక ఒక్కసారిగా తొలగిపోయినది. డాక్టర్ స్మిత్‌కు మానిన తర్వాత రెండున్నర సంవత్సరాల పాటు ఆ కోరిక దాదాపు ఎడతెగక వెన్నాడినదని ఆయనే వ్రాసుకొన్నాడు. అయినప్పటికీ వారిద్దరిలో చిత్తశాంతితో మెలిగినవాడు డాక్టరు. ఏళ్ళ తరబడి నిస్పృహతో బాధపడినవాడు విల్సన్. కోరిక పోవడం వేరు, చూపు మారడం వేరు అనడానికి ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణ నా దృష్టికి రాలేదు. ఆ సంఘం 1939లో ప్రచురించిన గ్రంథం చదివినవారు పలువురు, తమకు విల్సన్ వంటి మెరుపు అనుభవం కలుగలేదే అని దిగులుపడినారు. అందువల్ల 1941లో దానికి ఒక అనుబంధం చేర్చవలసి వచ్చినది. అత్యధికులలో మార్పు మెల్లమెల్లగా, నేర్చుకొనడం ద్వారా వస్తుందని, తనకంటె ముందుగా తన మిత్రులే దానిని గుర్తిస్తారని అందులో వివరించినారు.

మరి ఆ నేర్చుకొనడం ఎట్లు? వారు సూచించిన పన్నెండు మెట్లలో నాల్గవది అన్నింటికంటె ఆచరణాత్మకమైనది. మనిషి తనను గూర్చి తాను లెక్క వ్రాసుకొనవలెను. మనస్సులో కాదు, కాగితం మీద. ముందుగా ఎవరి మీద తనకు కసి ఉన్నదో వారి పేర్లు, ఆ ప్రక్కన కారణం, ఆ ప్రక్కన తనలో ఏది దెబ్బతిన్నదో - అభిమానమా, ధనమా, కోరికా, భయమా - వ్రాయవలెను. ఒక ఆఫీసు గుమాస్తాను ఊహించుకుందాం. పై అధికారి మీద కసి. కారణం: నలుగురి ఎదుట మందలించినాడు. దెబ్బతిన్నది: అభిమానం, ప్రమోషను ఆశ. బావమరిది మీద కసి. కారణం: అప్పు తిరిగి అడిగినాడు. దెబ్బతిన్నది: ఇంటిలో పరువు. ఇంతవరకు వ్రాయడం ఎవరికైనా సులభం, కొంత హాయిగా కూడా ఉంటుంది. కష్టమంతా ఆ తర్వాత ఉన్నది. అవతలివాని తప్పును పూర్తిగా ప్రక్కన పెట్టి, ఇందులో తన పాలు ఎంత అని వ్రాయవలెను. ఫైలు రెండు వారాలు కదల్చకుండా ఉంచినది తానే. అప్పు తీసుకొని తిరిగి ఇవ్వక, ఎదురుపడకుండా తప్పించుకొని తిరిగినదీ తానే. పది పేర్లు వ్రాసేసరికి ఒకే లోపం పదిచోట్ల తొంగిచూస్తుంది. లోకమంతా తనకు ఎదురుగా నిలిచినదన్న భావంతో త్రాగినవానికి, ఆ లోకంలో తన ముఖమే పదే పదే కనబడడం మొదటి కుదుపు. ఇది ఆత్మనింద కాదని గమనించవలెను. “నేను పాపిని, పనికిరానివాడను” అని కుమిలిపోవడం కూడా త్రాగుబోతు చూపులో భాగమే. దాని చివర సాధారణంగా మరొక గ్లాసు ఉంటుంది.

ఆ గ్రంథం ఈ పనిని దుకాణదారు సరుకు లెక్క చూచుకొనడంతో పోల్చినది. చెడిన సరుకును గుర్తించి పారవేయని వర్తకుడు దివాలా తీస్తాడు గదా అన్నది తాత్పర్యం. మన పాఠకులకు ఈ ఉపమానం క్రొత్తది కాదు. అంతకు ఎనిమిది శతాబ్దాలకు పూర్వమే ఇమామ్ గజాలీ (1058-1111) తన ‘ఇహ్యా’ గ్రంథంలో ‘మురాఖబా’, ‘ముహాసబా’లకు ప్రత్యేక భాగం కేటాయించి, మనిషికి, అతని నఫ్సుకు గల సంబంధాన్ని వర్తకానికీ అందులోని భాగస్వామికీ గల సంబంధంతో పోల్చినాడు. ఉదయమే భాగస్వామితో షరతులు కుదుర్చుకొనడం, పగలంతా కనిపెట్టి ఉండడం, దినాంతాన లెక్క అడగడం ఆయన చెప్పిన పద్ధతి. ఆయనకు ముందు బస్రాలో పుట్టి 857లో బాగ్దాదులో మరణించిన హారిస్ అల్ ముహాసిబీకి ఆ పేరు ఆత్మవిచారణ వల్లనే వచ్చినది. గజాలీ త్రాగుబోతుల కోసం వ్రాయలేదు, ఆక్రన్ వారు గజాలీని చదువలేదు. ఇరువురికీ అంగడి లెక్కే స్ఫురించడానికి కారణం బహుశా ఇదే: తనను తాను మోసగించుకొనడంలో మనిషికి గల నేర్పు అపారం, అంకెలు, పేర్లు ఎదుట ఉంటే తప్ప అది పట్టుబడదు.

లెక్క వ్రాసి ఊరకుంటే ప్రయోజనం లేదు. బాకీ తీర్చవలెను. డాక్టర్ స్మిత్ త్రాగడం మానిన దినమే, శస్త్రచికిత్స ముగించుకొని, ఊరిలో తాను ఎవరెవరికి అపకారం చేసినాడో వారి ఇండ్లకు స్వయంగా వెళ్ళి వచ్చినాడు. తన త్రాగుడు బయటపడితే వైద్యవృత్తి పోతుందని అంతవరకు ఆయన భయం. ఇంటికి వచ్చేసరికి ఆ భయం వదలిపోయినది. చూపు మారిన తర్వాత ఆయన వారి గడప తొక్కలేదు; గడప తొక్కిన తర్వాతనే చూపు మారినది. పుస్తకాలు చదివి, ఉపన్యాసాలు విని దృక్పథం మార్చుకుందామనుకొనే విద్యావంతులు ఈ ఒక్క సంగతిని కాస్త నిదానంగా చూడవలసి ఉన్నది.

శాస్త్రపరిశోధన ఏమంటున్నది? అమెరికన్ మనోవైద్యుడు జార్జి వేలంట్ ఎంతోమంది పురుషుల జీవితాలను దశాబ్దాల తరబడి పరిశీలించి 1983లో గ్రంథం ప్రకటించినాడు. మద్యం మాని నిలువగలిగినవారి జీవితాలలో తరచుగా కనబడినవి నాలుగు: మద్యం స్థానాన్ని ఆక్రమించే మరొక వ్యాపకం, త్రాగితే వెంటనే హాని కలుగునని గుర్తుచేసే బాహ్య నిర్బంధం, పాత గాయాలు లేని క్రొత్త ఆత్మీయ సంబంధం, ఆశను, ఆత్మగౌరవాన్ని నిలిపే ఒక సముదాయం. ఇందులో “గట్టి సంకల్పం” అన్నది లేకపోవడం గమనార్హం. 2020లో 27 అధ్యయనాలను, 10,565 మంది వివరాలను కలిపి పరిశీలించిన కాక్రేన్ సమీక్ష, పన్నెండు మెట్ల మార్గంలో ప్రవేశపెట్టే చికిత్సలు పూర్తి విరతి విషయంలో ఇతర చికిత్సల కంటె మెరుగైన ఫలితమిచ్చినవని తేల్చినది. అందరికీ అదే మార్గం సరిపడుతుందని దీని అర్థం కాదు. మందులతో, మనోచికిత్సతో, మతానుష్ఠానంతో నిలిచినవారు కూడా అనేకులున్నారు.

మన ఉర్దూ సాహిత్య ప్రియులలో ఒక సందేహం ఉంటుంది. సాకీ, మైఖానా లేని గజల్ ఏమి గజల్ అని. ప్రతీకకు, పానీయానికి గల దూరాన్ని మరచిపోయినవారి సందేహం అది. జిగర్ మురాదాబాదీ (1890-1960) ఒకప్పుడు త్రాగుడుకు ప్రసిద్ధుడు. తరువాతి జీవితంలో దానిని పూర్తిగా విడిచిపెట్టినాడు. కవిత్వం ఆయనను విడువలేదు. 1958లో ‘ఆతిష్-ఎ-గుల్’ కావ్యసంపుటికి సాహిత్య అకాడమీ పురస్కారం లభించినది.

మరల విల్సన్ వద్దకు రావలెను. ఇరువది ఏండ్లకు పైగా మద్యం ముట్టకుండా ఉండి, వేలాదిమందికి దారి చూపిన పిమ్మట, 1958 జనవరిలో ఆ సంఘ పత్రికలో అతడొక వ్యాసం వ్రాసినాడు. తనను అంతకాలం క్రుంగదీసిన నిస్పృహకు మూలం ఏమిటని అందులో వెదకినాడు. ఇతరులు తనను మెచ్చుకొనవలెను, పరిస్థితులు తన కోరిక ప్రకారం నడువవలెను, అందరూ తనకు భద్రత కల్పించవలెను - ఈ పరాధీనతే మూలమని గుర్తించినాడు. అవి దొరకనప్పుడు పోరాడడం, ఓడినప్పుడు క్రుంగడం. మద్యాన్ని విడిచినవాడు మెప్పును పట్టుకొన్నాడన్నమాట. అతడు ఈ సంగతిని దాచుకొని ఉంటే దాచుకొనవచ్చును. సంఘ స్థాపకునికి గౌరవం తగ్గేది కాదు. పత్రికలో అచ్చు వేయించి, మద్యవిరతి తర్వాతి పని ఉద్వేగాల విరతి అని పాతవారందరికీ తెలియజేసినాడు. ఈనాటికీ ఆ సంఘంలో ఎక్కువగా చదువబడే రచనలలో అదొకటి.

కుటుంబం మాట మిగిలినది. విల్సన్ భార్య లోయిస్ పదిహేడేండ్ల పాటు భర్తను మార్చడానికి ప్రయత్నించినది. అతడు మానిన తర్వాత ఒక దినం, సమావేశానికి వేళయినది త్వరపడుమని అతడు అనగా, ఆమె పట్టరాని కోపంతో చేతిలోని బూటును అతనిపైకి విసిరినది. ఆ కోపం ఎందుకు వచ్చినదని తరువాత ఆమె తనను తానే ప్రశ్నించుకొన్నది. తన ప్రేమ చేయలేని పనిని ఎవరో క్రొత్తవారు కొద్ది దినాలలో చేసినారన్న అసూయ, ఇక తన అవసరం ఇంటిలో లేదన్న భయం అందులో కనబడినవి. త్రాగుబోతు ఇంటిలో నివసించినవారి చూపు కూడా వంకర తిరిగి ఉంటుందని ఆమె గ్రహించినది. 1951లో ఆమె మరొక స్త్రీతో కలసి త్రాగుబోతుల కుటుంబీకుల కోసం ‘అల్-అనాన్’ అనే సంఘాన్ని నెలకొల్పినది. వారు అవే పన్నెండు మెట్లను స్వీకరించి, చివరి మెట్టులో ఎవరికి ఈ సందేశం అందించవలెనో చెప్పే ఒక్క మాట మాత్రం మార్చుకొన్నారు. 1957లో దాని శాఖగా, త్రాగే తల్లిదండ్రులు గల యువజనుల కోసం ‘అలటీన్’ ఏర్పడినది. అందులో సమావేశాలు నడిపేది, మాట్లాడేది ఆ పిల్లలే. పెద్దలు ఒక ప్రక్కన తోడుగా కూర్చుంటారు.